త్రాగుడు మాన్పించు చికిత్స: ఆసుపత్రిలో నుండియా, ఇంటినుండి వచ్చిపోవుచునా?

మన సంఘపత్రికలో విత్తనములు, ఎరువులు, పశువులు, పరపతి మున్నగు విషయములను గురించి మేము వ్రాయుచుండుట పాఠకులకు దెలిసినదే. ఈ మాసము త్రాగుడు మాన్పించు చికిత్సను గురించి వ్రాయదలచితిమి. ఇది సేద్యమునకు సంబంధింపని సంగతియని తలపవలదు. మేలైన విత్తనము నాటి, అదనున నెరువు వేసి, కాలువనీటికై రాత్రులు మేలుకొని పంట నింటికి దెచ్చుకొన్న రైతు, ధాన్యపు సొమ్ము చేతికందిన నెలదినములలోపల దానిలో సగము మద్యపు దుకాణములో విడిచివచ్చినచో, మేము పొలముగట్టున నిలిచి చెప్పిన మాటలన్నియు నేటిపాలైనట్లే.

త్రాగుడువలన గలుగు నష్టములను మేమిచట వర్ణింపబోము. అవి త్రాగువాని యింటివారికి మాకంటె బాగుగ దెలియును. గ్రామములలో మాకు దరచుగ నెదురగు ప్రశ్న వేఱొకటి. మానవలయునని నిశ్చయించుకొన్నవానిని ఆసుపత్రిలో జేర్చి కొన్ని దినములుంచి వైద్యము చేయింపవలయునా, లేక యింటివద్దనే యుంచి, అప్పుడప్పుడు డాక్టరువద్దకు గొనిపోయి మందు లిప్పించినచో జాలునా?

ఈ ప్రశ్నకు సరియైన జవాబు తెలియకపోవుటచే జనులు రెండు విధముల నష్టపడుచున్నారు. కొందఱు ఆలి మెడలోని బంగారమును కుదువబెట్టి, అవసరము లేనివానిని నెలల తరబడి దూరపు కేంద్రములలో నుంచుచున్నారు. మఱికొందఱు, తప్పక ఆసుపత్రిలో నుండవలసినవానిని గదిలోబెట్టి గొళ్లెము వేసి, 'నాలుగు దినములు ఓర్చుకొనుము, అదియే పోవును' అని చెప్పి, మూడవనాడు వానికి మూర్ఛలు వచ్చినపుడు బండికై పరుగెత్తుచున్నారు. మొదటివారు ధనము గోల్పోవుదురు. రెండవవారు మనిషినే గోల్పోవచ్చును. మేము వైద్యులము గాము. చికిత్సను నిర్ణయింపవలసినవాడు డాక్టరే. కాని డాక్టరువద్దకు బోవువాడు ఏమి యడుగవలయునో, ఏమి చెప్పవలయునో ముందుగ దెలిసికొని పోవుట మేలు.

ఎందఱికి చికిత్స యందుచున్నది?

కేంద్రప్రభుత్వము వారి కోరికపై ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు దేశమంతట విచారణ జరిపి 2019వ సంవత్సరమున నొక నివేదికను బ్రకటించిరి. దాని ప్రకారము మనదేశమున 10 నుండి 75 సంవత్సరముల వయస్సు గలవారిలో సుమారు 16 కోట్లమంది మద్యము బుచ్చుకొనుచున్నారు. వారిలో 2 కోట్ల 90 లక్షల మంది దానికి పూర్తిగ బానిసలైనవారు. ఇట్టివారిలో 38 మందికి ఒక్కనికే యేదో యొక సహాయము లభించినది. ఆసుపత్రిలో నుండి చికిత్స పొందినవాడు 180 మందికి ఒక్కడు. ఒక మోస్తరు గ్రామములో నట్టివారు నలుబదిమంది యున్నారనుకొందము. అందు డాక్టరు ముఖము జూచినవాడు ఒక్కడు మాత్రమే యని దీని యర్థము. కావున మొదట దెలియవలసినది, ఈ రెండు మార్గములలో నేదైనను ఏమియు లేకుండుటకంటె మేలని.

బానిసయైనవాడెవడు?

పండుగకు బుచ్చుకొని మఱునాడు మామూలుగ పొలమునకు బోవువాడు వేఱు, బానిసయైనవాడు వేఱు. ఈ రెండవవానికి కొన్ని గుఱుతులు గలవు. మొదట చాలిన మోతాదు రానురాను చాలకుండును. ఒక గ్రుక్కతో నాపుదునని మొదలిడి ఆపలేకపోవును. ఉదయము లేచుసరికి చేతులు వణకును, కొంచెము త్రాగినతోడనే వణకు తగ్గును. తనకు కీడని యెఱిగియు మానలేడు. ఇట్టివాడు 'రేపటినుండి ముట్టను' అని బిడ్డల తలపై చేయి వేసి ప్రమాణము చేసి, మఱునాటి సాయంకాలమునకు దప్పుటయు గలదు. అది యబద్ధమాడుట గాదు. ప్రమాణము చేయునపుడు వాడు నిజమే పలికినాడు. కాని మనస్సు చేసిన ప్రమాణమును శరీరము నిలువనీయలేదు. ఏండ్ల తరబడి మద్యమునకు మరిగిన మెదడు, అది హఠాత్తుగ నందకపోయినపుడు, పగ్గము తెగిన యెద్దువలె చెలరేగును. వణకు, చెమట, నిద్రలేమి, మూర్ఛ, ఇవియన్నియు దానివలన గలుగునవే. తిట్టుటవలనను, కొట్టుటవలనను ఇది కుదురునది గాదు.

రెండు మార్గములు

మొదటిది ఆసుపత్రిలో నుండి చేయించుకొను చికిత్స. రోగి పడకపై నుండును. నర్సు పూటపూటకు నాడిని, రక్తపుపోటును, వణకును పరీక్షించును. డాక్టరు మందు మోతాదును దినదినము మార్చును. శరీరము కుదుటబడుటకు సామాన్యముగ వారమో పది దినములో పట్టును. ఆ పిమ్మట కొన్ని కేంద్రములలో మఱికొన్ని వారములుంచి, సలహాలు, బృందసమావేశములు, కుటుంబమువారితో సంభాషణలు జరిపింతురు.

రెండవది వచ్చిపోవు చికిత్స. రోగి యింటివద్దనే యుండి, మొదటి వారమున ప్రతిదినమో దినము విడిచి దినమో ఆసుపత్రికి వచ్చి, ఓ.పి.లో చూపించుకొని, మందులు దీసికొని పోవును. తరువాత వారమున కొకమాఱు, ఆపై నెలకొకమాఱు వచ్చుచుండును. మందులు రెంటియందును ఇంచుమించు నొక్కటియే. ఉండి చేయించుకొను చికిత్సలో కాపలా యధికము. వచ్చిపోవు చికిత్సలో ఖర్చు తక్కువ, పని చెడదు, కాని కాపలా భారము ఇంటివారిపై బడును. భేదమంతయు నిదియే. కావున నీ రెంటిలో నేది గొప్పదని యడుగరాదు. ఈ మనిషికి, ఈ యింటికి, ఎంత కాపలా కావలయునని యడుగవలయును.

మొదట శరీరము నడుగుడు

మద్యము మానిన మొదటి వారమే యపాయకరమైనది. చివరిసారి త్రాగిన ఆఱు మొదలు ఎనిమిది గంటలలో చేతులు వణకుట, చెమట, గుండెదడ, వాంతి మొదలగును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవనాటికిని నాలుగవనాటికిని నడుమ కొందఱికి మతి చెదరును. లేని పాములు, పురుగులు కనబడుచున్నవని కేకలు వేయుదురు. పగలు రాత్రి తెలియదు. ఒడలు కాలిపోవును. గ్రామములలో దీనిని గాలిసోకినదని తలచి తాయెత్తులు గట్టించుటయు గలదు. ఇది గాలియు గాదు, దయ్యమును గాదు. సకాలమున వైద్యము జరుగనిచో ప్రాణము దీయగల జబ్బు. 108కి ఫోనుచేసి పెద్దాసుపత్రికి జేర్పవలసిన సమయమది.

కావున ఈ క్రింది వారిని ఇంటివద్ద మాన్పింప బ్రయత్నింపరాదు. పూర్వము మానినపుడు మూర్ఛలుగాని మతి చెదరుటగాని వచ్చినవారు. ఉదయము కన్ను తెఱచినది మొదలు రాత్రివఱకు త్రాగుచుండువారు. కామెర్లు, పొట్టలో నీరు, నెత్తురు వాంతులు గలవారు. గుండెజబ్బు, అదుపులేని మధుమేహము, క్షయ గలవారు. అన్నము మాని చిక్కి శల్యమైనవారు. గర్భిణీస్త్రీలు. ముదుసలివారు. మద్యముతోపాటు నిద్రమాత్రలకు గూడ మరిగినవారు. చచ్చిపోవుదునని పలుకుచుండువారు. వీరిని ఖర్చునకు జంకక ఆసుపత్రిలో జేర్పవలయును.

ఇచట నొక హెచ్చరిక. మానినవాడు నీరసించి పడియుండగా, ఊరిలో సూదిమందు వేయువానిని బిలిచి గ్లూకోజు సీసా యెక్కించుట మన గ్రామములలో మామూలు. చిరకాలము త్రాగినవాని దేహములో బి1 అను విటమిను తఱిగియుండును. అది ముందుగ నీయక గ్లూకోజు మాత్రమే యెక్కించినచో మెదడునకు దెబ్బతగులవచ్చును. కన్నులు నిలకడ తప్పుట, నడక తూలుట, జ్ఞాపకము శాశ్వతముగ బోవుట సంభవించును. కావున సీసా యెక్కించుటకు ముందు 'వీడు రోజు త్రాగువాడు, బి1 యిచ్చితిరా?' అని యడుగుట మఱువరాదు.

కల్లు సంగతి వేఱు

తెలంగాణ జిల్లాలలోని సభ్యులు దీనిని శ్రద్ధగ జదువవలయును. చెట్టునుండి దిగిన కల్లు వేఱు, మందు గలిపిన కల్లు వేఱు. ఆల్ప్రాజోలాము, డయాజెపాము, క్లోరల్ హైడ్రేటు అను మత్తుమందులు గలిపిన కల్లును త్రాగువారు తాము కల్లునకు మరిగితిమని తలంతురు. నిజమునకు వారు మరిగినది నిద్రమందునకు. 2015వ సంవత్సరము సెప్టెంబరు మాసమున నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో నధికారులు కల్తీకల్లు నరికట్టినపుడు, నిత్యము త్రాగువారనేకులు, వారిలో స్త్రీలు కూడ, మతి చెదరి, మూర్ఛలతో ఆసుపత్రులకు జేరిరి. హైదరాబాదులోని ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకు గూడ రోగులు వెల్లువగ వచ్చిరి. కల్తీ నాపుట మంచిపనియే. కాని శరీరమునకు బదులు మందు చూపక హఠాత్తుగ నాపుటవలన నా యాపద వచ్చినది.

ఇట్టి మందును ఒక్కసారిగ మానరాదు. డాక్టరు దానికి సరియగు మాత్రలిచ్చి, కొన్ని వారములపాటు మెల్లమెల్లగ మోతాదు తగ్గించును. చాలకాలముగ పెద్ద మోతాదులో దీసికొనుచున్నవారు మొదటి దినములను ఆసుపత్రిలోనే గడపుట క్షేమము. కావున డాక్టరు 'ఏమి త్రాగుచున్నావు?' అని యడిగినపుడు 'కల్లు' అని యూరకుండక, ఏ యూరి కల్లో, దినమునకెన్ని సీసాలో, త్రాగినతోడనే నిద్ర వచ్చుచున్నదో లేదో, అన్నియు విడమఱచి చెప్పవలయును.

వచ్చిపోవు చికిత్స యెవరికి జాలును?

పైన జెప్పిన యపాయములు లేనివారికి వచ్చిపోవు చికిత్స చాలునా? దీనిని పరీక్షించి చూచినవారు గలరు. 1967లో ప్రకటింపబడిన యొక పరీక్షలో, లండనులో నలువదిమంది త్రాగుబోతులను రెండు భాగములు చేసి, కొందఱిని ఆసుపత్రిలో నుంచియు, కొందఱిని ఇంటినుండి రప్పించియు చికిత్స చేసిరి. సంవత్సరము తరువాత చూడగా ఉభయులకును చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగిన యింకను పెద్ద పరీక్షను 1989లో బ్రకటించిరి. వణకు మొదలైన బాధలు స్వల్పముగనో మధ్యరకముగనో గల 164 మంది మాజీ సైనికులను రెండుగ విభజించిరి. వచ్చిపోవు వారిలో నూటికి 72 మందియు, ఆసుపత్రిలో నున్నవారిలో నూటికి 95 మందియు మద్యము విడుచు ఆ మొదటి దశను పూర్తిచేసిరి. ఏ పక్షమునను ప్రమాదకరమైన చిక్కులు రాలేదు. ఆఱు మాసముల తరువాత రెండు పక్షముల స్థితియు సమానముగనే యుండెను. ఖర్చు మాత్రము సమానము గాదు. వచ్చిపోవు చికిత్సకు మనిషికి 175 మొదలు 388 డాలర్లు, ఆసుపత్రి చికిత్సకు 3,319 మొదలు 3,665 డాలర్లు అయినది.

ఈ లెక్కను జూచి యిక ఆసుపత్రి యవసరమే లేదని తలంపరాదు. నూటికి 28 మంది నడుమ జారిపోయిరను సంగతి కూడ నా లెక్కలోనిదే. మఱియు 1991లో ప్రకటింపబడిన వేఱొక పరీక్షలో, మాసచూసెట్సు రాష్ట్రములోని యొక యంత్రశాలలో పనిచేయు 227 మందిని మూడు పక్షములు చేసిరి. మొదటివారిని ఆసుపత్రిలో జేర్చిరి. రెండవవారిని త్రాగుడు మానినవారి సమావేశములకు మాత్రమే పంపిరి. మూడవవారిని మీ యిష్టమనిరి. రెండేండ్లు గమనింపగా ఆసుపత్రిలో జేరినవారే త్రాగుడు విషయమున మెఱుగుగ నుండిరి. సమావేశములకు మాత్రమే పోయినవారిలో నూటికి 63 మందిని తరువాతనైనను ఆసుపత్రిలో జేర్పవలసివచ్చినది. ఆసుపత్రిపక్షమున మఱల జేర్పవలసివచ్చినవారు నూటికి 23 మంది.

ఈ పరీక్షలవలన మేము గ్రహించినది: బాధలు మితముగ నుండి, డాక్టరుచూపు నిత్యము గలిగి, మందు క్రమముగ మ్రింగువానికి వచ్చిపోవు చికిత్స చాలును. డాక్టరుచూపు లేక మాటలతో మాత్రమే సరిపుచ్చినది చికిత్స గాదు.

ఇంకను బానిసగాక, త్రాగుడు మితిమీఱుచున్నవారికి సులభమైన మార్గము గలదు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో జరిపిన పరీక్షను 2017లో బ్రకటించిరి. డాక్టర్లు గాని సామాన్యులకు శిక్షణ యిచ్చి, వారిచేత నట్టి పురుషులకు ఒకటి మొదలు నాలుగు పర్యాయములు సలహా చెప్పించిరి. మూడు మాసముల తరువాత నట్టివారిలో నూటికి 36 మందియు, మామూలు వైద్యము పొందినవారిలో నూటికి 26 మందియు మేలుపడిరి. తెగులు ఆకుమీద నున్నపుడే మందు గొట్టుట తేలికయని రైతునకు మేము చెప్పనక్కఱలేదు.

తరువాత ఇంటి నడుగుడు

శరీరము వచ్చిపోవు చికిత్సకు దగినదైనను, ఇల్లు దగినది గాకపోవచ్చును. ఈ క్రింది ప్రశ్నలకు ఇంటివారు నిజముగ సమాధానము చెప్పుకొనవలయును.

మొదటి వారము దినములు రేయింబవళ్లు రోగివద్ద త్రాగని మనిషి యొకరుండగలరా? మాత్రలను తమవద్ద దాచి, పూటకు నిర్ణయించినన్ని మాత్రమే చేతికీయగలరా? ఆ మాత్రలను మద్యముతో గలిపి మ్రింగుట ప్రాణాపాయము. కాబట్టి చీటిలోని మాత్రలన్నింటిని రోగిచేతికే యప్పగింపరాదు. రాత్రివేళ మూర్ఛ వచ్చినచో ఆసుపత్రికి జేర్చు బండి దొరకునా? ఇంటిలో వేఱొకడు త్రాగుచున్నాడా? అన్నదమ్ములిద్దఱు నొకే పాకలో కూర్చుండి త్రాగువారైనపుడు, ఒకనిని ఇంటినుండి దూరముగ నుంచి చికిత్స చేయించుటయే మేలు. రోగి చేయెత్తి ఇల్లాలిని బిడ్డలను గొట్టువాడా? అట్లయినచో వారి క్షేమము నాలోచించి ఆసుపత్రినే కోరవలయును.

సేద్యగాండ్రకు మఱియొక జాగ్రత్త. మానిన తొలిమాసములలో మనస్సు క్రుంగుట సహజము. పురుగుమందు డబ్బాను పడకటింటి యటకపై నుంచుట మన యలవాటు. ఆ దినములలో దానిని మఱొకరి యింటనో, తాళమువేసిన కొట్టులోనో నుంచవలయును. ఆ క్షణమున చేతికందకుండుటయే యనేకుల ప్రాణములను నిలిపినది.

కాలమునుగూర్చియు నొక మాట. అపాయపు గుఱుతులున్నవానికి కాలము చూడరాదు, నాటుల దినములైనను చేర్పవలసినదే. గుఱుతులు లేక, కొంతకాలము ఆసుపత్రిలో నుండగోరువాడు మాత్రము కోతలు నూర్పులు ముగిసిన పిమ్మట, ధాన్యపు సొమ్ము చేతికి రాకమునుపే చేరుట మంచిది. సొమ్ము చేతికివచ్చిన వారమే వానికి గండము. ఆ సొమ్మును ఇల్లాలి పేరను సంఘములోనే నిలువ చేయించినచో గండము కొంత తప్పును.

కేంద్రమును ఎంచుకొనుట

ఆసుపత్రి యని నిశ్చయించినపిదప, ఏ ఆసుపత్రి యను ప్రశ్న వచ్చును. మొదట జిల్లా ప్రభుత్వాసుపత్రిలో విచారింపుడు. విశాఖపట్టణమునను ఎఱ్ఱగడ్డయందును ప్రభుత్వ మానసిక వైద్యశాలలు గలవు. బెంగుళూరులోని నిమ్హాన్సులో వ్యసనచికిత్సకు ప్రత్యేకవిభాగము గలదు. కేంద్రప్రభుత్వపు సహాయద్రవ్యముతో స్వచ్ఛంద సంఘములవారు నడపు చికిత్సాకేంద్రములును గలవు.

ప్రైవేటు కేంద్రమునకు బోవుటకు ముందు ఇంటివారు స్వయముగ పోయి చూడవలయును. రిజిస్ట్రేషను పత్రము చూపుమని యడుగుడు. డాక్టరు దినమునకెన్నిమార్లు వచ్చును, రాత్రి నర్సు ఉండునా, ఇంటివారు వచ్చి చూడవచ్చునా, మొత్తము ఖర్చెంత, విడిచిన తరువాత నెన్ని నెలలు చూతురు అని యడిగి, వ్రాయించుకొనుడు. వైద్యుడు లేని చోట త్రాగుబోతును బంధించుట చికిత్స గాదు. 2017వ సంవత్సరపు మానసికారోగ్య సంరక్షణ చట్టము త్రాగుడువలని జబ్బులకును వర్తించును. దాని ప్రకారము రోగిని సంకెళ్లతో గట్టుట నిషిద్ధము. తన యిష్టముతో జేరినవాడు పోవుదునని కోరినచో సామాన్యముగ పంపవలసినదే. తన మేలుకీడులు నిర్ణయించుకొనలేని స్థితిలో నున్నవానిని, వైద్యుల పరీక్షపైని, వాని ప్రతినిధి దరఖాస్తుపైని మాత్రమే, మొదట 30 దినములకు మించకుండ జేర్చుకొనవచ్చును. 'సంవత్సరమునకు డబ్బు కట్టుడు, మీరు వచ్చి చూడవలదు' అను చోటికి మీ మనిషిని పంపకుడు.

'త్రాగువానికి దెలియకుండ కూరలో గలుపుడు' అని యమ్ము పొడుల సంగతియు జెప్పవలయును. డైసల్ఫిరాము అను మందు 1948లో డెన్మార్కు వైద్యులు ప్రకటించినది. అది పుచ్చుకొన్నవాడు మద్యము ముట్టినచో ముఖము కందును, గుండె దడదడలాడును, వాంతులగును, రక్తపుపోటు పడిపోవును. తెలిసి, యొప్పుకొని, డాక్టరు పరీక్షించిన పిదప, ఇంటివారి యెదుట మ్రింగువానికి అది మంచి కాపుదల. తెలియకుండ పెట్టినచో నది విషప్రయోగమువంటిదే. ఇదిగాక కోరికను తగ్గించు నాల్ట్రెక్సోను, అకాంప్రోసేటు అను మందులును గలవు. కాలేయమును మూత్రపిండములను పరీక్షించి ఏది తగునో డాక్టరు నిర్ణయించును.

నారుమడి పంట గాదు

ఉండి చేయించుకొన్న చికిత్సనుగూర్చి జనులలో నొక పెద్ద భ్రమ గలదు. నెలదినములుంచి తెచ్చితిమి, ఇక పని తీఱినదని తలంతురు. నారుమడి యెంత పచ్చగ పెరిగినను అది పంట గాదు. నారు తీసి పొలములో నాటిన పిమ్మట మొదటి పక్షమున దానిని గనిపెట్టనిచో, పెట్టిన ఖర్చంతయు వ్యర్థము. ఆసుపత్రి నారుమడివంటిది. అచట మద్యము లేదు, స్నేహితులు లేరు, అప్పులవాడు లేడు. ఇంటికి వచ్చిననాడు ఇవన్నియు వీధి మొదటనే యెదురుచూచుచుండును. కావున ఏ మార్గమున మానినను, తరువాతి సంవత్సరము వచ్చిపోవు చికిత్సయే. మొదటి మూడు మాసములు మిక్కిలి జాగ్రత్త కాలము.

నడుమ నొకమాఱు జారిపడినచో అంతయు పాడైనదని మొఱ్ఱపెట్టరాదు. ఒకటి రెండు దినములలోనే డాక్టరువద్దకు మఱల గొనిపోయినచో చాలవఱకు నిలద్రొక్కుకొనును. ఇంటివారు సిగ్గుచేత దాచి, నెల గడిచిన తరువాత చెప్పుటవలననే కీడు పెరుగును. 1935లో అమెరికాలో మొదలై మనదేశమునను వ్యాపించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశములలో మానినవారు ఒకరికొకరు తోడుగ నిలుతురు. అందు చేరుటకు రుసుము లేదు.

సంఘము చేయదగినది

ఆసుపత్రి దూరము, ఇంట కాపలా లేదు, ఇట్టివానికి దిక్కేమి? దీనికొక మూడవ మార్గమును దమిళదేశమువారు చూపిరి. మద్రాసులో 1980లో స్థాపింపబడిన టి.టి. రంగనాథన్ చికిత్సాసంస్థవారు, శ్రీమతి శాంతీ రంగనాథన్ గారి నాయకత్వమున, 1989లో తంజావూరు సీమలోని మంజక్కుడి గ్రామమున శిబిరము పెట్టిరి. డాక్టర్లును సలహాదారులును గ్రామమునకే వచ్చి, పదునైదు దినములు రోగులనచటనే యుంచి చికిత్స చేసిరి. కుటుంబములవారు దగ్గఱనే యుండిరి. ఊరివారే సహాయపడిరి. శిబిరము ముగిసిన తరువాతను వైద్యులు వచ్చి చూచుచుండిరి. ఉండి చేయించుకొను చికిత్సలోని కాపలాయు, ఇంటి దగ్గఱితనమును ఇందు గలిసినవి.

ధాన్యపుకొట్టు, సమావేశపుగది, గ్రామమున నమ్మకము గల సంఘమునకు ఇట్టి పని మించినది గాదు. మానసిక వైద్యుడు అంగీకరించి, కఠినరోగులను ముందుగనే పెద్దాసుపత్రికి పంపు నేర్పాటు చేసికొన్న తరువాతనే పూనుకొనవలయును. అంతవఱకును చేయదగినవి చిన్నపనులు గలవు. చికిత్సకు బోయినవాని పొలమునకు పాలివారు నీరు గట్టవచ్చును. వాని పశువులకు మేత వేయవచ్చును. నెలకొకమాఱు ఆసుపత్రికి తోడుపోవచ్చును. బాకీదారు త్రాగుబోతని తెలిసినపుడు నోటీసుకు ముందు చికిత్సమాట చెప్పవచ్చును. తిరిగివచ్చినవానిని పెండ్లిపందిరిలో 'ఒక్క చుక్కకేమగును, మామా?' అని బలవంతపెట్టువానిని నలుగురు గద్దింపవచ్చును. ఈ చివరిపనికి పైసా ఖర్చులేదు, ఫలితము మిక్కుటము.

తుదకు మేము చెప్పునది యిది. మానినపుడు ప్రాణాపాయము గలవానిని ఆసుపత్రిలో జేర్పుడు. అపాయము లేక, ఇంట నమ్మకమైన మనిషి యుండి, డాక్టరు అందుబాటులో నున్నవానికి వచ్చిపోవు చికిత్స చేయింపుడు. అపాయము లేకున్నను ఇల్లు అనుకూలము గానిచో కొన్ని వారములు ఆసుపత్రియే మేలు. ఏదైనను సంవత్సరమునకు దక్కువ గాకుండ వైద్యుని చూపులో నుంచుడు. సందేహమున్నవారు 14446 అను వ్యసనవిముక్తి సహాయపు నంబరునకు గాని, మనోవ్యాకులతకు 14416 అను టెలీ మానస్ నంబరునకు గాని ఫోనుచేసి యడుగవచ్చును. రెంటికిని రుసుము లేదు. ఫోనుచేయుటకు చేయి రానివారు మన సంఘ కార్యాలయమునకు వచ్చినచో, తోడుగ నుండి చేయింతుము. వచ్చినవారి పేరు గోడ దాటిపోదు.